పాలపన్నే గదా, ఊడిపోతుందిలే!



చిగుళ్ళ నుండి రక్తం కారడం గురించి ఈ నెల రాద్దామని కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఇంతలో ఒక సహోదరి ఉత్తరం వచ్చింది. అది చదివాక చిగుళ్ళ సంగతి వచ్చే నెలకు వాయిదా వేయక తప్పలేదు. పేరూ ఊరూ వేయవద్దని ఆమె కోరారు గనుక వేయడం లేదు. ఉత్తరం మాత్రం చదవండి.

"డాక్టరమ్మగారికి ప్రభువు నామమున వందనములు. మా బాబుకు అయిదేళ్ళు. కింది దవడపన్ను పిప్పిపట్టి గుంటపడింది. నాలుగు రోజులనుండి రాత్రిళ్ళు దవడ పట్టుకుని ఏడుస్తున్నాడు. పాలపన్నే గదా, ఎలాగూ ఊడిపోయేదానికి డబ్బులు దండగ అంటున్నారు మా అత్తయ్యగారు. పొరుగూళ్ళో ఒకామె పొగవేసి పురుగు తీస్తుందట, అక్కడికి తీసుకెళ్ళమని మా ఆడపడుచు. ప్రార్థన చేస్తే చాలు, డాక్టరు దగ్గరకు పరుగెత్తడం అవిశ్వాసం అని మావారు. అందరూ నా మేలు కోరేవారే. ఎవరి మాట వినాలో తెలియక మీకు రాస్తున్నాను."

అమ్మా, ముందు మీకు జవాబు, తరువాత మిగతావారికి వివరం. ఈ పత్రిక మీ చేతికి అందేసరికి బాబును డాక్టరుకు చూపించి ఉండకపోతే, ఈ వారంలోనే తీసుకువెళ్ళండి. పగలు తింటున్నప్పుడు జివ్వుమనే నొప్పి వేరు, రాత్రి నిద్రలోనుండి లేపే నొప్పి వేరు. రాత్రి నొప్పి వస్తోందంటే పిప్పి పన్ను లోపలి నరాన్ని చేరిందని అర్థం. అది ఇక తనంతట తాను నయమయ్యేది కాదు. ఒకవేళ నొప్పి హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందని సంతోషించవద్దు. చాలాసార్లు నరం చచ్చిపోయినందువల్లనే నొప్పి ఆగుతుంది. తరువాత వచ్చేది చీము.

ఇక పురుగు సంగతి. పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం మనవాళ్ళది మాత్రమే కాదు, బబులోనువారి మట్టి పలకల కాలంనుండీ ఉన్నదే. 1728లో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసిన పియరీ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు పిప్పిపళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, తనకు పురుగేదీ కనిపించలేదని రాశాడు. మరి పొగ వేసినప్పుడు తెల్లగా రాలేవేమిటంటారా? వాకుడు గింజలను నిప్పులమీద వేసినప్పుడు వేడికి గింజ పగులుతుంది. లోపలి తెల్లటి మొలక బయటపడుతుంది. చూడటానికి అచ్చం పురుగులాగే ఉంటుంది. పొగ మత్తుకు నొప్పి కాసేపు తగ్గవచ్చు, పిప్పి మాత్రం అక్కడే ఉంటుంది. పొగవేసే ఆమెను మోసగత్తె అనడం నా ఉద్దేశం కాదు. ఆమె కూడా నమ్మే చేస్తూ ఉండవచ్చు.

అయితే కంటికి కనబడని ప్రాణులు ఉన్నమాట నిజమే. 1890లో విల్లోబీ మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు, ఆయన బెర్లినులో పనిచేసేవాడు, అసలు సంగతి బయటపెట్టాడు. నోట్లోని సూక్ష్మక్రిములు మనం తిన్న పిండినీ తీపినీ పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుంది అని ఆయన చెప్పాడు. దోసెల పిండి రాత్రికి రాత్రి పులవడం మనకు తెలిసిందే గదా. అలాంటి పనే మన నోట్లో, పంటికి అంటుకున్న పాచిలో, భోజనమైన కొన్ని నిమిషాలకే మొదలవుతుంది. 1924లో క్లార్క్ అనే ఆయన పిప్పిపళ్ళనుండి ఒక క్రిమిని వేరుచేసి దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. ఇదొక్కటే దోషి కాదు, తోడుదొంగలు చాలా ఉన్నారు. కాని పంచదార దొరికితే బంకలాంటి పదార్థం తయారుచేసుకుని పంటికి గట్టిగా పట్టుకునే నేర్పు దీనికి బాగా ఉంది.

సామెతల గ్రంథం 10వ అధ్యాయంలో సోమరిని దేనితో పోల్చారో గుర్తుందా? పళ్ళమీద పడిన పులుపుతో. పులుపు పంటికి గిట్టదని ఆనాటివారికి తెలుసు. తీపి కూడా నోట్లో పులుపుగా మారుతుందని తెలుసుకోవడానికి మాత్రం మనకు పంతొమ్మిదో శతాబ్దం కావలసివచ్చింది.

పన్ను పైపొరను పింగాణి అంటాము. మన శరీరంలో ఎముకకన్నా గట్టిది అదే. నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాని దానికొక లోపముంది. అందులో ప్రాణమున్న కణాలు లేవు. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. పింగాణికి గుంట పడితే మాత్రం తిరిగి పూడదు. దాని కింద డెంటీను అనే మెత్తని పొర ఉంటుంది, దానికి లోపల నరమూ రక్తనాళాలూ ఉండే మజ్జ. పాలపళ్ళలో పింగాణి, డెంటీను రెండూ పలుచన. అందుకే పెద్దవాళ్ళలో ఏళ్ళు పట్టే పని పిల్లల్లో కొన్ని నెలల్లోనే జరిగిపోతుంది.

ఆమ్లాన్ని కొలవడానికి పి.హెచ్ అనే కొలత ఉంది. మంచినీటికి సుమారు 7. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాచిలో అది 5.5 కన్నా కిందికి దిగితే పింగాణిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. 1940లలో స్టెఫాన్ అనే శాస్త్రవేత్త పళ్ళమీది పాచిలో ఈ కొలత తీసి చూశాడు. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే అంకె దిగిపోయింది. మళ్ళీ పైకి రావడానికి అరగంటనుండి గంట పట్టింది. పైకి తెచ్చేది ఎవరనుకున్నారు? మన లాలాజలమే. ఆమ్లాన్ని విరిచి, తనలోని కాల్షియం, ఫాస్ఫేటులను పింగాణికి తిరిగి అందిస్తుంది. కరగడం, కూడుకోవడం, మళ్ళీ కరగడం. ప్రతి మనిషి నోట్లోనూ ప్రతి రోజూ జరిగే పని ఇది. కరిగినదానికన్నా కూడుకున్నది ఎక్కువైతే పన్ను నిలుస్తుంది, తక్కువైతే పిప్పి.

ఇది అర్థమైతే ఎంత తీపి తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. అన్నం తిన్నాక రెండు అరిసెలు తిన్న పిల్లవాడికి ఒక గంట పులుపు. అదే పిల్లవాడు ఒక బిస్కెట్ల పొట్లాన్ని జేబులో వేసుకుని గంటకొకటి చొప్పున కొరికితే? రోజంతా పులుపే. లాలాజలానికి తన పని తాను చేసుకునే వ్యవధి ఎక్కడిది?

ఈ విషయం రుజువైన తీరు మాత్రం సంతోషించేది కాదు. స్వీడన్ దేశంలో లుండ్ పట్టణం దగ్గర విపెహోమ్ అనే ఆసుపత్రి ఉండేది. బుద్ధిమాంద్యం గలవారిని అక్కడ ఉంచేవారు. 1945 తరువాత కొన్నేళ్ళపాటు అక్కడి నాలుగు వందలకు పైగా మనుషులమీద ప్రయోగం చేశారు. కొందరికి భోజనంతోబాటు తీపి, కొందరికి భోజనానికీ భోజనానికీ మధ్య పళ్ళకు అతుక్కునే టాఫీలు. భోజనంతో తిన్నవారికి పిప్పి పెద్దగా పెరగలేదు. మధ్యమధ్య టాఫీలు తిన్నవారి పళ్ళు పాడైపోయాయి. ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. ఈనాటికీ ప్రతి దంతవైద్య విద్యార్థీ ఆ పేరు చదువుతాడు. నేనూ చదివి మార్కులు తెచ్చుకున్నాను. వద్దు అని చెప్పలేని ఆ మనుషుల నొప్పిని గురించి మాత్రం మా తరగతిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అధ్యయనం తరువాతనే స్వీడన్‌లో పిల్లలకు వారానికొకసారి, శనివారంనాడు మాత్రమే మిఠాయి పెట్టమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఆ అలవాటు అక్కడ ఇంకా ఉంది.

ఆమోసు గ్రంథం 4వ అధ్యాయంలో దంతశుద్ధి అనే మాట వస్తుంది. చిన్నప్పుడు అది చదివి పళ్ళు తోముకోవడం గురించి అనుకున్నాను! కరవువల్ల తినడానికేమీ లేక పళ్ళు శుభ్రంగా మిగిలిపోవడం అని తరువాత తెలిసింది. విచిత్రమేమిటంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో నార్వే, జపాను వంటి దేశాల్లో పంచదార దొరకని రోజుల్లో పిల్లలకు పిప్పిపళ్ళు నిజంగానే తగ్గాయి. యుద్ధమైపోయి పంచదార వచ్చాక పిప్పి కూడా తిరిగివచ్చింది.

మనదగ్గర పరిస్థితి చూడండి. పాలలో పంచదార, పాలపీకకు తేనె, ఏడుపు మానడానికి చాక్లెట్టు, దగ్గుకు తియ్యటి సిరప్పు. ఇందులో అన్నిటికన్నా చెడ్డది పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పాలు పై ముందుపళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందుపళ్ళకు నాలుక అడ్డం ఉంటుంది కాబట్టి అవి బాగుంటాయి. పైవి నాలుగూ మొదళ్ళవరకు అరిగి నల్లగా మారిన రెండేళ్ళ పిల్లల్ని మీరూ చూసే ఉంటారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా రెండోవాడు పుట్టినప్పుడు నాకు రాత్రి డ్యూటీలు. వాడు లేవకుండా ఉంటే చాలని ఇంట్లో సీసా పాలు, అందులో చెంచాడు పంచదార. నాకు తెలియక కాదు, తెలిసే ఊరుకున్నాను. నిద్ర చాలని మనిషికి చదువు అక్కరకు రాదు. ఏడాదిన్నర వయసులో వాడి పై పెదవి ఎత్తి చూస్తే చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత. అదే పిప్పికి తొలి గుర్తు. గుంట ఇంకా పడలేదు, ఖనిజం కరగడం మొదలైంది. సీసా మాన్పించి, ఫ్లోరైడు వార్నిష్ పూయించి, రాత్రి చివరిగా బ్రష్ చేసి పడుకోబెట్టడం మొదలుపెట్టాక ఆ గీత అక్కడే ఆగింది. వారం రోజులు ఇల్లంతా వాడి ఏడుపే. మా అత్తగారు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. తల్లులారా, నెలకొకసారి బిడ్డ పై పెదవి ఎత్తి చూడండి. ఆ తెల్ల గీత దశలో పన్నును పూర్తిగా కాపాడుకోవచ్చు. గోధుమరంగు మచ్చో, గుంటో కనిపిస్తే ఆ అవకాశం పోయినట్టే, అక్కడినుండి మరమ్మతు మాత్రమే.

ఇప్పుడు అత్తయ్యగారి ప్రశ్న. ఊడిపోయే పన్నుకు వైద్యమెందుకు?

ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. కాని పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. మీ బాబు ఆ పంటితో ఇంకా అయిదారేళ్ళు నమలాలి. నొప్పి ఉన్న పిల్లవాడు సరిగా తినడు, నిద్రపోడు, బడిలో మనసు పెట్టడు. పైగా ఆ పాలపన్ను వేళ్ళ కిందనే అసలు పన్ను మొగ్గలా పెరుగుతూ ఉంటుంది. పైన చీము పడితే కింది మొగ్గ చెడవచ్చు. పాలపన్నును ముందుగా పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, అసలు పన్ను వచ్చేసరికి చోటుండదు, అది వంకరగా వస్తుంది. పన్నెండేళ్ళకు వంకర పళ్ళు సరిచేయడానికి కట్టే తీగల ఖర్చెంతో అత్తయ్యగారికి చెప్పి చూడండి, అయిదేళ్ళప్పటి ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఇవి పాలపళ్ళు కావు. జీవితాంతం ఉండవలసినవి. ఏ పన్నూ ఊడలేదు గనుక తల్లిదండ్రులు దీన్ని పాలపన్ననే అనుకుంటారు. లోతైన గీతలుంటాయి, బ్రష్ అంతదూరం వెళ్ళదు, అందుకే పిప్పి కూడా ముందు దీనికే.

చాలా ఏళ్ళక్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి రాత్రివేళ ఏడేళ్ళ పాపను తెచ్చారు. తల్లిదండ్రులు మిరపచేలో కూలికి వెళ్ళేవారు. పిప్పి ఈ ఆరేళ్ళ దవడపంటికే. పాలపన్నేలే అనుకుని మూడు వారాలు లవంగం పెట్టారు. తరువాత దవడ వాస్తే వేడి కాపడం పెట్టారు. ఆ రాత్రికి వాపు గడ్డం కింద రెండువైపులా పాకి మెడ గట్టిపడింది. నోరు తెరుచుకోవడం లేదు. ఉమ్మి మింగలేక చొంగ కారుస్తోంది. పడుకోబెడితే ఊపిరాడక లేచి కూర్చుంటోంది. దీన్ని లుడ్విగ్ ఆంజైనా అంటారు. 1836లో దీన్ని వివరించిన జర్మను వైద్యుని పేరది. నాలుక కింది వాపు గొంతు మూసేస్తే ప్రాణం పోతుంది. ఆ రాత్రి సర్జనుగారు మెడ కింద కోసి చీము తీశారు, పన్ను పీకేశాము, నరంలోకి మందులు ఎక్కించాము. ఆమె తల్లి వరండాలో నేలమీద కూర్చుని తెల్లవారేదాకా ప్రార్థిస్తూనే ఉంది. పదిరోజులకు పాప నడిచి ఇంటికి వెళ్ళింది. గడ్డం కింద మచ్చ, ఏడేళ్ళకే ఒక శాశ్వత దంతం తక్కువ. దేవునికి స్తోత్రం, ప్రాణం దక్కింది. మూడు వారాల ముందు వచ్చి ఉంటే ఒక చిన్న సిమెంటుతో పోయేది.

కాబట్టి జ్ఞాపకముంచుకోండి. పంటినొప్పితోబాటు ముఖం వాపు, జ్వరం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వాపు కంటివైపుగాని మెడవైపుగాని పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా తెల్లవారేదాకా ఆగకూడదు, పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వాపుమీద కాపడం పెట్టకూడదు.

మీ వారి మాటకు వస్తాను. సహోదరుని విశ్వాసాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేనూ ప్రార్థన చేయనిదే పరికరం పట్టుకోను. కాని హిజ్కియా రాజు పుండుతో మరణానికి దగ్గరైనప్పుడు ఏం జరిగిందో రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం చదవమనండి. ఆ రాజు కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. విన్న తరువాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. మందు వేసినందుకు ఆ ప్రార్థన అవిశ్వాసం కాలేదు. సువార్త రాసిన లూకా వృత్తిరీత్యా వైద్యుడని పౌలుగారే రాశారు. (అంజూరపు ముద్దను మాత్రం పంటి వాపుమీద వేయకండి. ఇలాంటివి చదివి చేసి చూసేవారున్నారు, అందుకే చెబుతున్నాను.)

డాక్టరు దగ్గర ఏం చేస్తారన్న భయం చాలామందికి ఉంటుంది. గుంట చిన్నదైతే పుచ్చిన భాగం తీసి సిమెంటుతో పూడుస్తారు. గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు పంటికి అతుక్కుని, కొంచెం కొంచెంగా ఫ్లోరైడు విడుస్తుంది. దానితో కరెంటూ డ్రిల్లూ లేకుండా చేతి పరికరాలతోనే పుచ్చు గీకి పూడ్చే పద్ధతి 1980లలో ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైంది. మన పల్లెల్లో వైద్య శిబిరాలకు అది చక్కగా సరిపోతుంది. చెట్టుకింద బల్లమీద కూడా చేయవచ్చు, పిల్లలు అంతగా భయపడరు. మరీ చిన్నపిల్లలకు, కుర్చీలో కూర్చోనివారికి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే ద్రవం పూస్తారు. పిప్పి పెరగకుండా చాలావరకు ఆపుతుంది, కాని ఆ భాగం నల్లగా మారుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ, ఫ్లోరైడు పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నలుపు చూసి కోప్పడే తల్లులున్నారు. దవడపంటికైతే ఎవరు చూడొచ్చారు?

నరం దాకా పోతే సిమెంటు ఒక్కటే సరిపోదు. పెద్దవాళ్ళకు రూట్ కెనాల్, అంటే చచ్చిన నరాన్ని తీసి, వేళ్ళ లోపలి సన్నని దారుల్ని శుభ్రంచేసి పూడ్చి, పైన తొడుగు వేయడం. పాలపళ్ళకూ ఇలాంటి చికిత్సే ఉంది, పైన స్టీలు తొడుగు వేస్తారు. మీ బాబుకు బహుశా ఇదే చెబుతారు. పన్ను నిలవదని తేలి పీకవలసివస్తే, ఆ ఖాళీ మూసుకుపోకుండా నిలిపే తీగ వేస్తారా అని అడగండి. అడగకపోతే చెప్పనివారు ఉన్నారు. పై పన్ను పీకితే చూపు పోతుందన్నది వట్టిమాట. కంటి నరం వేరు, పంటి నరం వేరు. అయితే గుండె కవాటాల జబ్బు ఉన్నవారు, కృత్రిమ కవాటం వేయించుకున్నవారు, షుగరు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణీలు ఆ సంగతి ముందే చెప్పాలి.

డాక్టరును చూసేలోగా నొప్పికి బిడ్డ బరువునుబట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. దాన్ని పంటిమీద పెట్టి నొక్కడం ఎవరికీ వద్దు, చిగురు కాలిపోతుంది. లవంగ నూనె కాసేపు తిమ్మిరి ఇస్తుంది, అంతే. పొగాకు, నశ్యం పెట్టే అలవాటు గురించి నాకు నిజంగా కోపమొస్తుంది. పంటినొప్పికని మొదలుపెట్టి, నొప్పి పోయినా పొగాకు వదలనివారు ఎంతమందో. మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళలు మీ అంతట మీరు వేసుకోవద్దు. బిళ్ళ చీమును కొన్నాళ్ళు అణుస్తుంది, కారణమైన పన్ను లోపలే ఉంటుంది.

తోముకోవడం గురించి కొద్దిగా. వేపపుల్ల చెడ్డదని నేననను, నమిలి మెత్తని కుంచెలా చేసుకుని ఓపికగా తోమితే పాచి పోతుంది. కాని వెనుక దవడపళ్ళ లోపలివైపుకు అందదు, ఫ్లోరైడు ఉండదు. బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక పళ్ళను అరగదీస్తాయి. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు, అందులో రాత్రిది తప్పనిసరి. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, మూడునుండి ఆరేళ్ళవరకు బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్ పొడవునా వేసేది పేస్టు అమ్ముకోవడానికి. ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల పళ్ళు పెద్దవారే తోమాలి. తోమాక నురుగు ఉమ్మించండి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించి కడిగేయకండి, ఆ కాస్త ఫ్లోరైడు పంటిమీద నిలవాలి.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులు ఇక్కడ ఆగి అడుగుతారని తెలుసు. మా నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు పచ్చబడి ఎముకలు వంగిపోయినవారిని చూశాం, మళ్ళీ ఫ్లోరైడా అని. న్యాయమైన ప్రశ్న. మన దేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికల కెక్కించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లానుండే. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే హాని. అది మింగే ఫ్లోరైడు, రోజూ, ఏళ్ళ తరబడి. పేస్టులోది పంటిమీద పనిచేసి ఉమ్మేసేది. మీ నీరు పరీక్ష చేయించి, ఎక్కువ ఉంటే శుద్ధిచేసిన నీరే తాగించండి. పిల్లలు పేస్టు మింగకుండా మాత్రం ఎదురుగా నిలబడి చూడండి. పచ్చబడిన పళ్ళకు కూడా పిప్పి పడుతుందని మరువవద్దు.

చివరగా ఒక ఫిర్యాదు, మనమీద మనకే. మా సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పినవారికి చాక్లెట్టు ఇచ్చేవారు. క్రిస్మసు కారల్స్‌కు తిరిగినప్పుడయితే ప్రతి ఇంట్లోనూ కేకు, టీ, బిస్కెట్లు, అర్ధరాత్రి దాకా! ఏడాదికొకసారి వచ్చే పండుగకు అడ్డం చెప్పను, నేనూ రోజ్ కుకీలు తింటాను. ఇంటికి వచ్చాక ఎంత ఆలస్యమైనా పళ్ళు తోమించి పడుకోబెట్టండి, అంతే. ప్రతి ఆదివారం చాక్లెట్టు సంగతి మాత్రం టీచర్లతో మాట్లాడాను. ఇప్పుడు పెన్సిళ్ళు, వేరుశనగ పప్పులు ఇస్తున్నారు. పిల్లలు రెండు వారాలు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఒక చిన్నది వచ్చి "ఆంటీ, మీ వల్లే గదా" అని అడిగేసింది కూడా.

సహోదరీ, మీకు దగ్గరలో డబ్బు తీసుకునే డాక్టరే ఉంటే, ఖర్చుకు వెనుకాడుతుంటే, ముందు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో దంత విభాగానికి వెళ్ళండి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు కూడా ఉన్నాయి. అత్తయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి, డాక్టరు చెప్పేది ఆమె కూడా వినాలి. మీకు ఇంకో బిడ్డ ఉండి ఆరేడేళ్ళ వయసైతే, అదే రోజు ఆ బిడ్డ వెనుక దవడపళ్ళను కూడా చూపించండి. ఏమైందో ఒక కార్డు ముక్క రాయండి. మీ బాబు కోసం మేమిక్కడ ప్రార్థిస్తున్నాము.